నెక్సాన్ ఈవీ కొనే ముందు మీ పార్కింగ్‌లో ప్లగ్ సంగతి చూసుకోండి

మాది 40.5 కిలోవాట్ అవర్ (అంటే 40.5 యూనిట్ల) బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్ ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలిలో ఆఫీసుకూ, పండగలకు ఉయ్యూరు దగ్గర మా అత్తగారి ఊరికీ ఇదే. ఈవీ కొనమంటారా అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: మీ పార్కింగ్‌లో మీ సొంత మీటరు నుంచి ప్లగ్ పాయింట్ పెట్టించుకోగలరా? కుదరదంటే ఇంకొన్నాళ్లు ఆగండి.

మాది పాత అపార్ట్‌మెంటు. సెల్లార్‌లో ప్లగ్ అనగానే మంటలొస్తాయేమోనని అసోసియేషన్ వాళ్లు భయపడ్డారు. ఇంటికున్న కరెంటు కనెక్షన్‌తోనే కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అది ప్రింటు తీసి చూపించాక ఒప్పుకున్నారు. మీటరు నుంచి విడిగా లైను లాగి, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), 16 ఆంప్స్ సాకెట్ బిగించి, కారుతో వచ్చిన ఛార్జర్ పెడితే ఎర్ర లైటు! ఎర్తింగ్ బాగా లేకపోతే అది కరెంటే తీసుకోదు. ఎలక్ట్రీషియన్ ఎర్త్ పిట్ (ఎర్తింగ్ తీగ దింపిన గుంట) మూత తీసి చూస్తే లోపల మట్టి ఎండి పొడిపొడిగా ఉంది. తుప్పు పట్టిన తీగ మార్చి, ఉప్పూ బొగ్గూ వేసి, బకెట్లతో నీళ్లు పోశాడు. అప్పుడు వెలిగింది పచ్చ లైటు. బిల్డింగులో గీజర్లు వాడే వాళ్లందరికీ కూడా అది మంచే అయింది.

ఈ సాకెట్‌తో ఖాళీ బ్యాటరీ నిండాలంటే దాదాపు 15 గంటలు. ఆ లెక్క విని బెంబేలెత్తకండి, ఆఫీసుకు వెళ్లొస్తే ఖర్చయ్యేది కొంచెమే, రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. యూనిట్ పది రూపాయలనుకున్నా, మధ్యలో వృథా అయ్యే కరెంటుతో కలిపి ఫుల్ ఛార్జికి 450 దాటదు. సిటీలో 280 కిలోమీటర్లు వస్తుంది. కంపెనీ చెప్పిన 465 మాత్రం మర్చిపోండి. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్ లేకపోవడం ఇంకో లాభం. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు చప్పుడు లేకుండా దూసుకెళ్లే ఆ పికప్ నాకు ఎంత ఇష్టమో!

హైవే మీద వేరే కథ. ఏసీ వేసుకుని 90, 95 స్పీడులో వెళ్తే 240 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అత్తగారి ఊరికి వెళ్లే దారిలో విజయవాడకే దాదాపు 270 కిలోమీటర్లు కాబట్టి సూర్యాపేట దగ్గర ఒకసారి ఛార్జ్ పెట్టాల్సిందే. 50 కిలోవాట్ల ఛార్జరైతే 10 నుంచి 80 శాతానికి గంటలోపే. 80 దాటాక నెమ్మదిస్తుంది, అక్కడే గన్ (కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్) తీసేసి బయల్దేరండి.

పోయిన సంక్రాంతికి ఒక స్టేషన్‌లో రెండు గన్‌లలో ఒకటి పనిచేయలేదు. రెండోదానికి క్యూ. యాప్‌లో చూస్తే రెండూ ఖాళీ అని చూపిస్తోంది! కస్టమర్ కేర్ అమ్మాయి తన వైపు నుంచి రీస్టార్ట్ చేసింది, రెండు నిమిషాలు నడిచి మళ్లీ ఆగిపోయింది. వెనక సీట్లో షుగరున్న మా మామగారు, భోజనం టైము దాటిపోతోంది, నాకు ఒకటే టెన్షన్. పైగా కంపెనీకో యాప్, యాప్‌కో వ్యాలెట్. బంకులో ఫోన్‌పే చేసి వెళ్లిపోయినట్టు ఇక్కడెందుకు పెట్టరు? ఛార్జర్లు పెట్టేవాళ్లు వాటిని బాగు చేయించే మనుషుల్ని కూడా దగ్గర్లో పెట్టాలి. అప్పటి నుంచి మేం రెండు కంపెనీల ఛార్జర్లు పక్కపక్కన ఉన్న చోటే, అదీ 30 శాతం ఉండగానే ఆగుతున్నాం.