కాజీపేటలో పన్నెండు శనివారాల బాప్తిస్మం క్లాసులు: వెనక బెంచీలో కూర్చున్నవాడి రివ్యూ

మా చిన్నమ్మాయి బాప్తిస్మం తీసుకుంటానంది. తను వెళ్లే చర్చి సంఘంలో నీళ్లలోకి దిగాలంటే ముందు పన్నెండు శనివారాలు క్లాసులకు హాజరు కావాలి. "డాడీ, నువ్వూ రా. వాళ్లేం చెప్తున్నారో నీ చెవులతో విను. తిట్టాలనుకుంటే తర్వాత తిట్టు" అంది. నవంబరులో మొదలుపెట్టి, క్రిస్మస్‌కు రెండు వారాలు సెలవు పోను, ఫిబ్రవరి దాకా ఒక్క శనివారం తప్పకుండా వెళ్లాను. ఇలాంటి క్లాసులకు వెళ్లాలా వద్దా అని మనవైపు చాలామంది ఆలోచిస్తుంటారు కాబట్టి రాస్తున్నాను. సంఘం పేరు రాయను. కొన్ని లోపాలు కూడా చెప్పాలి, అందుకని.

ముందు పైపై సంగతులు. కాజీపేట స్టేషన్ నుంచి ఆటోకు పది నిమిషాలు. మేడమీద హాలు, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. సాయంత్రం ఐదున్నర అంటే ఐదున్నరకే మొదలుపెడతారు. మా రైల్వేలో కూడా ఇంత టైం పాటించినవాళ్లు తక్కువ. ఫీజు లేదు, కానుక సంచీ తిప్పరు. పుస్తకం మాత్రం 80 రూపాయలు పెట్టి కొనుక్కోవాలి. పద్నాలుగు మందికి పెళ్లి పందిట్లో పెట్టేంత స్పీకరు ఎందుకో నాకర్థం కాలేదు. చివర్లో టీ. వర్ధన్నపేట వైపు నుంచి వచ్చే ఒక అవ్వ రెండు మూడు సార్లు సర్వపిండి చేసి తెచ్చింది. అది రివ్యూలోకి రాదు గానీ చెప్పకుండా ఉండలేను.

నా సంగతి కూడా చెప్పాలి. మాది డోర్నకల్ దగ్గర పల్లె. తాతల కాలం నుంచి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లం. బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌లో, గుడి మండపంలాంటి స్తంభాలు, మసీదులాంటి గుమ్మటాలు ఉన్న ఆ చర్చిలో, మూడు నెలల పసివాడిగా ఉన్నప్పుడు నా నెత్తిన నీళ్లు చల్లారు. విశ్వాస ప్రమాణం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఉద్యోగం రైల్వేలో, పే బిల్ సెక్షన్. అంటే ముప్పై ఏళ్లు పొద్దున లేస్తే జనాల జీతాల లెక్కే. ఈ ముక్క ఎందుకు చెప్పానో ముందు తెలుస్తుంది.

ఇది ఏ మిషన్ కిందా లేని స్వతంత్ర సంఘం. ఇంగ్లీషులో కన్జర్వేటివ్ ఇవాంజెలికల్ అంటారే, ఆ కోవ. స్వస్థత కూటాలు, కేకలు, నూనె సీసాలు ఉంటాయనుకుని వెళ్లాను. అవేవీ లేవు. భాషలతో మాట్లాడే వరం అపొస్తలుల కాలంతో ఆగిపోయిందని వీళ్ల బోధ. "ప్రార్థన చేయండి, బీపీ గోలీ కూడా వేసుకోండి" అని పాస్టర్ గారు మొదటి రోజే చెప్పారు. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది.

క్లాసు చెప్పేది ఎక్కువగా ఒక సంఘ పెద్ద. ముప్పై అయిదేళ్లుంటాయేమో, నన్ను అంకుల్ అనేవాడు. మొదటి పాఠం బైబిలు గురించే. రెండో తిమోతి 3:16లో "దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము" అని ఉంది కదా, ఆవేశం అంటే మనవాళ్లకు కోపమో పూనకమో గుర్తొస్తుంది, ఇక్కడ మాట అది కాదు, దేవుడు ఊదినది అని మూల భాషలో అర్థం అని చెప్పాడు. రాసినవాళ్ల చేతులు, భాష, తీరు వాళ్లవే. వచ్చిన మాట మాత్రం దేవునిది, అందులో తప్పు లేదు అని వీళ్ల నమ్మకం. 1978లో షికాగోలో ఇలాంటి సంఘాలవాళ్లు కూడి దీని మీద ఒక ప్రకటన రాసుకున్నారట. ఆ తప్పులేనితనం మొదట రాసిన ప్రతులకే గానీ అనువాదాలకు కాదని అందులో ఉందన్నాడు. నేను ఊరుకోలేదు. మార్కు 16లో చివరి 12 వచనాలు పాత ప్రతుల్లో లేవంటారు కదా అని అడిగాను. తడబడతాడనుకున్నాను. "నిజమే అంకుల్, సినాయి, వాటికన్ అని పేరున్న రెండు పెద్ద పాత ప్రతుల్లో లేవు, అందుకే మేం ఆ వచనాల మీద ఏ సిద్ధాంతమూ కట్టం" అన్నాడు. దాచలేదు. ఈ ఒక్క జవాబుకు నేనొక స్టార్ ఇస్తున్నాను.

త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అన్న పాఠం రోజు ఒక కుర్రాడు చెయ్యెత్తి నీళ్లు, మంచు, ఆవిరి పోలిక చెప్పాడు. నేనూ సండే స్కూల్లో అదే చెప్పుకుంటూ వచ్చాను. సంఘ పెద్ద అది తప్పన్నాడు. నీళ్లు ఒకసారి మంచు, ఒకసారి ఆవిరి అవుతాయి, ఒకేసారి మూడూ కావు. యేసు యొర్దానులో బాప్తిస్మం పొందినప్పుడు కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగుతున్నాడు, తండ్రి ఆకాశం నుంచి మాట్లాడుతున్నాడు. ఒక్కడే మూడు వేషాలు వేశాడనే బోధ మూడో శతాబ్దంలోనే వచ్చింది, సంఘం దాన్ని తోసేసింది. 325లో నైసియాలో బిషప్పుల సభ తేల్చింది ఇంకో గొడవ, కుమారుడు సృష్టించబడినవాడా అన్నది. అరవై దాటాక నా సండే స్కూలు పాఠం నేనే దిద్దుకోవాల్సి వచ్చింది.

ఇక నాలుగో శనివారం. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే. పాఠం పాపం గురించి. రోమా 6:23, "పాపమువలన వచ్చు జీతము మరణము." ఆ పెద్ద తన పద్ధతిలో వివరిస్తున్నాడు: జీతం అంటే శాలరీ, నెలంతా పని చేస్తే ఒకటో తారీఖు అకౌంట్లో పడుతుంది, అలాగే పాపానికి మరణం పడుతుంది. నేను తల ఊపాను. పే బిల్లు రాసినవాడికి ఇంతకంటే సులువైన పోలిక ఏముంటుంది? గ్రీకులో ఆ మాట సైనికుడికిచ్చే బత్తెం అని కూడా చెప్పాడు.

సర్వపిండి తెచ్చే అవ్వ వెనక నుంచి, "గది గాదు బిడ్డా" అంది.

అందరం తిరిగి చూశాం.

"మా అయ్య దొర ఇంట్ల జీతముండె. ఏడాదికి ఇన్ని వడ్లని మాట్లాడుకుండ్రు. ఏడాది తిరిగి లెక్క జూస్తె వడ్లు రాకపాయె, అప్పే మిగిలె. మల్ల ఏడాది. గట్ల గట్ల అప్పు దీరక మా అన్నను గూడ జీతం బెట్టిండు. అన్నకు అప్పుడు తొమ్మిదేండ్లు. జీతం అంటె పైసలు గాదు బిడ్డా, మనిషే."

హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ కుర్ర పెద్ద బైబిలు తెరిచి కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, "అవ్వా, నువ్వు చెప్పిందే సరిగ్గా ఉంది. ఇదే అధ్యాయం పైన చదివితే అంతా దాసుల మాటే ఉంది" అని 16వ వచనం నుంచి మళ్లీ చదివించాడు. ఎవరికి లోబడితే వాళ్లకు దాసులు అన్న భాగం. ముప్పై ఏళ్లు జీతం అన్న మాటతో బతికిన నాకు, ఆ మాటకు మన ఊళ్లల్లో ఉన్న పాత అర్థం తట్టలేదు. మా తాత కూడా జీతగాడే. తన పాఠాన్ని చదువురాని మనిషి దిద్దితే ఒప్పుకున్న ఆ అబ్బాయి మీద ఆ రోజు నుంచి గౌరవం పెరిగింది.

వీళ్ల మొత్తం బోధకు ఇరుసు అక్కడే ఉందని తర్వాతి వారాల్లో అర్థమైంది. అదే వచనం రెండో సగంలో దేవుడిచ్చే వరం మాట ఉంది. జీతం సంపాదించుకునేది, వరం ఊరికే వచ్చేది. మనిషి చేసే మంచి పనుల వల్ల ఆ అప్పు తీరదు. యేసు మన బదులు చనిపోయాడు, మూడో రోజు శరీరంతోనే లేచాడు, దాన్ని నమ్మినవాణ్ని దేవుడు నీతిమంతుడిగా ఎంచుతాడు. రోమా 4లో అబ్రాహాము సంగతి దగ్గర "ఎంచబడెను" అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది. అది లెక్కల పద్దు మాట అని చెప్పాడు. ఒకరి ఖాతాలో ఉన్నది ఇంకొకరి ఖాతాకు జమ రాయడం. నా సెక్షన్లో ఎవరైనా అలా రాసి ఉంటే విజిలెన్స్ వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. ఆ మాటే అన్నాను, అందరూ నవ్వారు. "అందుకే దాన్ని కృప అంటారు అంకుల్" అన్నాడు. మరి మంచి పనులు అక్కర్లేదా అంటే, అవి చెట్టుకు కాసే పళ్లు, వేళ్లు కావు అన్నాడు. ఈ పోలిక మాత్రం నేను వందసార్లు విన్నదే.

పుస్తకం గురించి చెప్పకపోతే అన్యాయం. ఇంగ్లీషు నుంచి తెచ్చినది, చదివితే తెలిసిపోతుంది. "ప్రాతినిధ్య ప్రాయశ్చిత్త సిద్ధాంతము" అని ఒక అధ్యాయం పేరు. బదులు చనిపోయాడు అంటే అయిపోయేదానికి అంత నోరు తిరగని మాట ఎందుకు? అక్షరాలు చీమల్లా ఉన్నాయి, అచ్చుతప్పులకు లెక్కలేదు. ఒక పేజీలో "కృప" బదులు "కృష" అని పడింది. 80 రూపాయలకు దండగ. అవ్వ చేత ఒక పుస్తకం చెప్పించి రాయిస్తే దీనికంటే నయం.

బాప్తిస్మం క్లాసు దగ్గర నాకూ వాళ్లకూ చెడింది. చెడడం అంటే గొడవ కాదు, టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం. నమ్మిన తర్వాతే బాప్తిస్మం, అదీ నిండా ముంచడమే అంటారు. 1878 జూలైలో ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ క్లౌ కాలంలో ఒకే రోజు 2,222 మందికి గుండ్లకమ్మలో ముంచి ఇచ్చారని పాస్టర్ గారు చాలా సంతోషంగా చెప్పారు. మరి నాకు పసితనంలో ఇచ్చింది? "అది బాప్తిస్మం కాదు అంకుల్, తడవడం" అన్నాడు కుర్ర పెద్ద. మెత్తగానే అన్నాడు గానీ గుచ్చుకుంది. ఆ నీళ్లు చల్లినప్పుడు నన్ను ఎత్తుకుని నిలబడింది మా అమ్మ. అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీ చెరసాల నాయకుడి ఇంటివాళ్లందరూ ఒకే రాత్రి బాప్తిస్మం పొందారు కదా, ఆ ఇంట్లో పసిపిల్లలు లేరా అన్నాను. వాళ్లందరికీ ముందు వాక్యం బోధించినట్టు 32వ వచనంలో ఉంది, చంటిపిల్లకు బోధించరు కదా అన్నాడు. జవాబు బాగానే ఉంది. నేను మాత్రం ఒప్పుకోలేదు, ఇప్పటికీ.

ఇక్కడే ఒక లోపం. ఇతర సంఘాల గురించి చెప్పేటప్పుడు వీళ్ల చూపు ఇరుకు. ఫాతిమానగర్ కథోలికుల గురించి చెప్పిన రెండు మాటలు సగం సగం. కథోలికులు మరియమ్మను దేవుడితో సమానంగా పూజిస్తారన్నారు. వాళ్లు అలా బోధించరని నాకు తెలుసు, మా ఇంటి పక్కవాళ్లే కథోలికులు. చెప్పాను. కుర్ర పెద్ద రాసుకున్నాడు. మార్చుతాడో లేదో తెలీదు.

మేడారం జాతర అయిన వారం క్లాసులో అసలైన ప్రశ్న వచ్చింది. పక్కింటివాళ్లు జాతర నుంచి బంగారం తెచ్చిస్తారు, అంటే సమ్మక్క సారలమ్మలకు పెట్టిన బెల్లం. తీసుకోవాలా వద్దా? పద్నాలుగు మందికీ ఇంట్లో ఉన్న ఇబ్బందే ఇది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు తీశారు. విగ్రహం వట్టిదే, కానీ అర్పించినదని తెలిసి తినకూడదని వీళ్ల లెక్క. తీసుకోనని చెప్పండి, కానీ మొహం మీద తలుపు వేయకండి, కూర్చోబెట్టి టీ ఇవ్వండి, వాళ్ల నమ్మకాన్ని ఎగతాళి చేయకండి అన్నారు పాస్టర్ గారు. నేను మాత్రం నలభై ఏళ్లుగా రెండు చేతులతో తీసుకుని, పక్కన పెడుతున్నాను. ఇది సరైన జవాబో కాదో వాళ్లను అడగలేదు.

ఆడవాళ్లు సంఘంలో బోధించకూడదన్న పాఠం మా అమ్మాయికి నచ్చలేదు. తిమోతి మొదటి పత్రిక 2:12 చూపించారు, ఆమె రోమా 16లో సంఘ పరిచారకురాలు ఫీబేను చూపించింది. ఆడవాళ్ల ప్రశ్నలు చీటీల మీద రాసిమ్మనడం నాకూ నచ్చలేదు. అంత్యదినాల క్లాసుకు గుడ్డ మీద గీసిన పెద్ద పటం కట్టారు: సంఘం ఎత్తబడడం, ఏడేళ్ల శ్రమలు, వెయ్యేండ్ల పాలన, తీర్పు, అన్నీ బాణం గుర్తులతో. అచ్చం మా కంట్రోల్ ఆఫీసు చార్టులా ఉంది. ఈ వరస 19వ శతాబ్దంలో డార్బీ అనే బోధకుడి బోధతో బాగా వ్యాపించింది, క్రైస్తవుల్లో అందరూ ఇలా నమ్మరు. ఆ ముక్క వాళ్లే చెప్పి ఉంటే బాగుండేది. తారీఖు చెప్పేవాణ్ని నమ్మొద్దన్నారు, అది మెచ్చుకోవాలి.

ఆఖరి రోజు పరీక్ష. చదువు వచ్చినవాళ్లకు కాగితం, రానివాళ్లకు నోటితో. అవ్వకు మార్కులు ఎన్నో చెప్పలేదు గానీ బాప్తిస్మం ఇచ్చారు. స్టేజి కింద పలకలు తీస్తే సిమెంటు తొట్టి. ఫిబ్రవరి పొద్దున నీళ్లు చల్లగానే ఉన్నాయి. మా అమ్మాయి తెల్ల చీరలో దిగింది, నేను టవలు, పొడి బట్టలు పట్టుకుని గట్టున నిలబడ్డాను. అవ్వ బయటికి వచ్చాక వణుకుతుంటే చేతిలో ఉన్న టవలు ఆమెకే కప్పాను. మా అమ్మాయికి చున్నీతో సరిపెట్టాం, ఇంటికి వెళ్లేదాకా సణిగింది.

నా లెక్కలో ఐదుకు నాలుగు. ఓదార్పు కోసం వెళ్లేవాళ్లకు ఇది పనికిరాదు. వీళ్లు ఏం నమ్ముతారో నేరుగా తెలుసుకోవాలంటే మాత్రం వెళ్లండి, అడిగిన ప్రశ్నకు మొహం చిట్లించరు. ఒక స్టార్ తగ్గించింది పుస్తకానికి, కథోలికుల మాటకు కలిపి. కళ్లజోడు తీసుకెళ్లండి, స్పీకరుకు దూరంగా కూర్చోండి. వచ్చే బ్యాచ్‌లో మళ్లీ కూర్చుంటానంటే పుస్తకం కొనక్కర్లేదు, పాతదే తెచ్చుకోమన్నారు. నేను పేరు రాయించాను. బాప్తిస్మం కాలమ్ దగ్గర మాత్రం "1963, డోర్నకల్" అని రాసి ఇచ్చాను.