ఆరు గేర్ల బాక్స్, క్లచ్ వణుకు: రెండేళ్ల వాడకం తర్వాత

మాది ఆరు చక్రాల లారీ, లోడుతో కలిపి 16.2 టన్నుల బండి. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి సిమెంటు ఎత్తుకుని కోస్తా జిల్లాలకు, అప్పుడప్పుడు పాడేరు ఘాట్ మీదుగా ఏజెన్సీ ఊళ్లకు వేస్తుంటాం. బండితో పాటు వచ్చిన ఐదు గేర్ల బాక్స్ అరిగిపోయాక, అదే కంపెనీ తర్వాతి మోడల్‌కు ఇచ్చిన ఆరు గేర్ల బాక్స్‌ను, బేరింగులూ, గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులూ కొత్తవి వేసి సిద్ధం చేసినదాన్ని, విజయవాడ ఆటోనగర్‌లో కొని అక్కడే బిగించుకున్నాము. రెండేళ్లకు పైగా నడిపిన మీదట నా అభిప్రాయం ఇది: బాక్స్ మంచిది, దాన్ని బిగించిన పద్ధతి మంచిది కాదు. ఆ సంగతి తేలేలోపు ఏ దోషమూ లేని క్లచ్ సామాను చాలా మారిపోయింది.

బాక్స్ మారిన వారంలోనే వణుకు మొదలైంది. లోడుతో మొదటి గేరులో పెట్టి పెడల్ సగం వదిలేసరికి క్యాబిన్ మొత్తం అదిరేది, పక్క అద్దంలో వెనక రోడ్డు కనిపించకుండా పోయేది, పెడల్ పూర్తిగా వదలగానే ఏమీ జరగనట్టు బండి సాఫీగా సాగేది. ఖాళీ బండికి దాదాపు లేదు. ఎత్తు మీద రివర్స్ తీస్తే అన్నిటికంటే ఎక్కువ. బిగించిన షాపువారు క్లచ్ ప్లేట్ మీది రాపిడి పొర, అంటే లైనింగ్, సర్దుకుంటుందన్నారు, తర్వాత ప్లేట్ బాగోలేదని మార్చారు, ఆ తర్వాత క్లచ్ ప్లేట్‌ను ఇంజిన్ వైపు నొక్కి పట్టే ప్రెజర్ ప్లేట్ వేళ్లు సమానంగా లేవని దాన్నీ మార్చారు. ప్రతిసారీ కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చేది.

ఇలాంటి చోట సామాను పేరు కంటే ముందు అడగవలసింది వణుకు ఎప్పుడు వస్తోంది అన్నది. పెడల్ సగంలో ఉండి, ప్లేట్ ఇంకా జారుతున్నప్పుడు మాత్రమే వస్తే దోషం క్లచ్‌లోనో, క్లచ్‌ను పట్టుకుని ఉన్న భాగాల్లోనో ఉంటుంది. క్లచ్ పూర్తిగా పట్టేశాక, గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం దగ్గర, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తే బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు తిరుగుడు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను అనుమానించాలి. ఆగి ఉన్న బండిలో గేరు తీసి పెడల్ వదిలినప్పుడు వినిపించే మోత పెడల్ తొక్కితే ఆగిపోతే, అది బాక్స్ ముందు బేరింగ్‌ది. తొక్కినప్పుడే కొత్తగా పుడితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్‌దో, బాక్స్ షాఫ్ట్ ముందు కొసను ఇంజిన్ చివర మోసే పైలట్ బేరింగ్‌దో అయి ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు రోడ్డు మీదే తేల్చుకోవచ్చు, ఒక్క నట్టు కూడా విప్పనక్కరలేదు.

మా బండి వణుకు స్పష్టంగా మొదటి రకానిది. బ్రేకు పట్టి ఉంచి, మొదటి గేరులో పెడల్ కొద్దిగా వదులుతూ చూస్తే ఇంజిన్ తన చోటు నుంచి పెద్దగా లేవలేదు కనుక మౌంటింగ్ రబ్బర్లు బాగానే ఉన్నట్టు లెక్క. లైనింగ్ మీద నూనె పడినా, అది కాలి గాజులా మెరుపెక్కినా, ప్లేట్ జారే వేగం తగ్గేకొద్దీ పట్టు పెరిగే గుణం వస్తుంది. అప్పుడది పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం సెకనుకు పలుమార్లు జరిగి బండిని ఊపేస్తుంది. అందుకే మేస్త్రీలు ముందు ఆయిల్ సీళ్లు చూస్తారు, అందులో తప్పు లేదు. మాకు మాత్రం క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వెనక సీలు పొడిగానే ఉంది, లైనింగ్ మీద నూనె జాడ లేదు, క్లచ్ ప్లేట్ ఆనే ఇంజిన్ చక్రం, అంటే ఫ్లైవీల్, మీద వేడికి నీలం తిరిగిన మచ్చలు కొన్ని ఉన్నా అవి వణుకుకు కారణం కంటే ఫలితంగానే కనిపించాయి.

అసలు ఆధారం విప్పిన ప్లేట్‌లో దొరికింది. లైనింగ్ మందం కొత్తదానితో సమానంగా ఉంది. కానీ బాక్స్ షాఫ్ట్ మీద కూర్చునే మధ్య హబ్ పళ్లు మాత్రం ఒక కొసన ఎక్కువ, రెండో కొసన తక్కువ అరిగి వాలుగా తయారయ్యాయి. కుదుపు తగ్గించే డ్యాంపర్ స్ప్రింగులు కూర్చునే కిటికీల మూలల్లో ఒకచోట వెంట్రుకంత పగులు ఉంది. పైలట్ బేరింగ్‌ను వేలితో తిప్పితే గరగరలాడింది. కొన్ని నెలల కిందట వేసిన సామాను ఇలా ఉండకూడదు. లైనింగ్ అరగకుండా హబ్ అరిగిందంటే, బాక్స్ షాఫ్ట్, క్రాంక్ షాఫ్ట్ ఒకే గీత మీద లేవన్న మాట.

అక్కడి నుంచి వేరే వర్క్‌షాపుకు మారాము. అక్కడి పెద్ద మేస్త్రీ చేసిన మొదటి పని బాక్స్ లేకుండా ఖాళీ బెల్ హౌసింగ్‌ను, అంటే క్లచ్‌ను కప్పి బాక్స్‌ను ఇంజిన్‌కు కలిపే డొల్లను, మాత్రమే ఇంజిన్‌కు బిగించడం. అయస్కాంతపు స్టాండును ఫ్లైవీల్ మీద నిలిపి, మిల్లీమీటరులో వందో వంతును కొలిచే డయల్ గేజ్ ముల్లును హౌసింగ్ మధ్య రంధ్రం అంచుకు ఆనించి, ఇంజిన్‌ను చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పించారు. సూది సున్నా నుంచి 62 గీతల దాకా పోయి తిరిగి వచ్చింది, అంటే 0.62 మిల్లీమీటర్లు. పెద్ద లారీలకు సాధారణంగా 0.20 మించనివ్వరు. గేజ్ చూపేది అసలు జరుగుడుకు రెట్టింపు కనుక, హౌసింగ్ నడిమి బిందువు 0.31 మిల్లీమీటర్లు పక్కకు తప్పిందన్న మాట. ఫ్లైవీల్ ముఖాన్ని కొలిచేటప్పుడు క్రాంక్‌ను ఒకే వైపుకు నెట్టి పట్టుకోవాలనీ, లేకపోతే దాని ముందువెనకల ఆట కూడా లెక్కలో కలిసిపోతుందనీ ఆయన నొక్కి చెప్పారు. ఫ్లైవీల్ ముఖం హద్దులోనే ఉంది.

కారణం వెతకనక్కరలేకుండానే కనిపించింది. ఇంజిన్ వెనక ఉండవలసిన రెండు డోవెల్ పిన్నులూ లేవు. కొత్త హౌసింగ్ రంధ్రాలకు పాత పిన్నులు కుదరకపోవడంతో మొదటి షాపువారు వాటిని తీసేసి, బోల్టుల మీదే బాక్స్‌ను నిలబెట్టారు. బోల్టు పని బిగించి ఉంచడమే. దాని రంధ్రంలో ఉండే ఖాళీలో హౌసింగ్ ఎటైనా జరుగుతుంది. స్థానం చెప్పేది పిన్ను. ఈ కాస్త సంగతి ఆటోనగర్‌లో ఎవరికీ తెలియదనుకోను, తొందర అలాంటిది. గేజ్ చూసుకుంటూ హౌసింగ్‌ను సుతారంగా తట్టి 0.12 దగ్గరికి తెచ్చి, బోల్టులు బిగించి, రెండు రంధ్రాలనూ కలిపి రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టు) వేసి, లేతు మీద కొలతకు చేయించిన పిన్నులు దించారు. కొత్త పైలట్ బేరింగ్, కొత్త ప్లేట్ వేసి, ఫ్లైవీల్ ముఖాన్ని పలచగా గ్రైండింగ్ చేయించాము. ఆ రోజు నుంచి సగం పెడల్ వణుకు లేదు.

అయితే ఇరవై కిలోమీటర్ల దగ్గర ఒక సన్నటి ఊపు మిగిలింది. ఆరు గేర్ల బాక్స్ పొడవు ఎక్కువ కావడంతో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోసి కురచ చేశారు, కూర్చేటప్పుడు రెండు చివరల యోక్‌లను (క్రాస్ కీళ్లను పట్టుకునే కొమ్ములను) ఒకే వరసలో పెట్టలేదు. షాఫ్ట్ పొడవు సర్దుకునే పళ్ల కూర్పు, అంటే స్లిప్ జాయింట్, ఒక పన్ను జరిగినా ఒక క్రాస్ పుట్టించే వేగపు హెచ్చుతగ్గులను రెండోది సరిచేయలేదు. దాన్ని సరిగా కూర్చి, బాక్స్ వెనక మౌంటింగ్ కింద పలక వేసి షాఫ్ట్ కోణం మూడు డిగ్రీల లోపుకు తెచ్చాక ఆ ఊపూ పోయింది.

ప్లేట్ విషయంలో ఒక మాట. మధ్యలో ఒకసారి షాపువారి సలహాతో సిరామిక్ బటన్ ప్లేట్ కూడా వేసి చూశాము. పట్టు గట్టిదే, వేడికి తట్టుకుంటుంది. కానీ గోడౌన్ల దగ్గర అంగుళం అంగుళం జరపవలసిన బండికి దాని మొరటుతనం సరిపడదు, ఫ్లైవీల్‌ను కూడా త్వరగా తినేస్తుంది. మా పనికి మామూలు ఆర్గానిక్ లైనింగే నయం.

ఇక బాక్స్ సంగతి. గేరుకూ గేరుకూ మధ్య దూరం తగ్గడం వల్ల పాడేరు మలుపుల్లో కింది గేరు వేసినా ఇంజిన్ ఊపు చావడం లేదు, డ్రైవరు సగం క్లచ్ మీద ఆధారపడడం తగ్గింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త బరువుగా పడుతుంది. వానాకాలంలో రాత్రంతా నిలిపి ఉంచిన బండి మొదటి ఒకటి రెండు కదలికల్లో కొద్దిగా వణుకుతుంది; అది ఫ్లైవీల్ మీద చేరిన చెమ్మ, ఫర్లాంగు దూరం పోకముందే సర్దుకుంటుంది కనుక దానికోసం బాక్స్ దింపనక్కరలేదు. మూడో గేరులో మొదటి నుంచీ ఉన్న సన్నటి ఈల ఇప్పటికీ ఉంది, పెరగలేదు. ఈ మధ్య బెల్ హౌసింగ్ అడుగు రంధ్రం దగ్గర నూనె తడి కనిపిస్తోంది. వాసనను బట్టి అది గేర్ ఆయిలే, అంటే బాక్స్ ముందు సీలుది. ప్రతి సర్వీసుకూ తుడిచి చూస్తున్నాము, చుక్క కట్టడం మొదలైతే లైనింగ్‌కు అంటకముందే సీలు మార్పిస్తాము.