హాలిడే క్లబ్ ఫోన్ల మీద 1909 పనిచేస్తుందా? ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. డీఎన్‌డీలో, అంటే ప్రచార ఫోన్లు వద్దనేవాళ్ల జాబితాలో, నంబరు నమోదు చేసి ఊరుకుంటే, విహారాల సభ్యత్వం అమ్మే హాలిడే క్లబ్బుల ఫోన్లు ఆగవు. ఆ జాబితాలో నమోదుకూ, ఇలాంటి ఫోన్ల మీద ఫిర్యాదుకూ ఉన్న నంబరు 1909. వచ్చిన ప్రతి ఫోన్ మీదా దానికి ఫిర్యాదు పెడుతూ పోతే తగ్గుతాయి. మా ఇంట్లో అలాగే తగ్గాయి. బ్లాక్ బటన్, ఎవరు చేస్తున్నారో చూపించే ట్రూకాలర్ యాప్, సెల్ కంపెనీ ఇచ్చే స్పామ్ హెచ్చరిక, అన్నీ వాడాను, కొన్ని ఇప్పటికీ వాడుతున్నాను. వాటన్నిటికన్నా ఎక్కువ విసుగు పుట్టించేదీ 1909 ఫిర్యాదే, ఎక్కువ పనికొచ్చిందీ అదే.

ఈ ఫోన్లు ఎలా ఉంటాయో హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. "సార్, మీ నంబరు లక్కీ డ్రాలో సెలెక్ట్ అయింది. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు గోవా ఫ్రీ. ఆదివారం మేడమ్‌ని తీసుకుని హోటల్‌కి రండి, గిఫ్ట్ వోచర్ తీసుకెళ్లండి, ఏమీ కట్టక్కర్లేదు." ఆ వెంటనే మూడు ప్రశ్నలు: పెళ్లయిందా, కారు ఉందా, క్రెడిట్ కార్డు ఉందా. గొంతులు మారతాయి గానీ పాఠం మారదు. హోటల్‌కి వెళితే గంటన్నరో రెండు గంటలో కూర్చోబెట్టి, ఏళ్ల తరబడి సభ్యత్వం పేరుతో లక్షల రూపాయల ప్యాకేజీ అంటగట్టాలని చూస్తారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రావాలని పట్టుబట్టేది ఎందుకంటే, "ఇంట్లో అడిగి చెబుతాం" అనే మాటకు అక్కడ చోటు ఉండకూడదు కాబట్టి.

నంబరు వాళ్లకు ఎలా చేరుతుందన్నది పెద్ద రహస్యమేమీ కాదు. నాంపల్లి నుమాయిష్‌లోనో, మాల్‌లో కొత్త కారు నిలబెట్టి పక్కన పెట్టిన డబ్బాలోనో, పెట్రోలు బంకులోనో కూపన్ నింపుతాం. పేరు, ఫోను, పెళ్లయిందా లేదా, నెల జీతం. బహుమతి కూపన్‌కి నెల జీతంతో ఏం పని అని ఎవరూ అడగరు. మా సంగతి వేరు. ఒక ట్రావెల్స్ వాళ్లను కేరళ ప్యాకేజీ ధర అడిగాం. నచ్చలేదు, రైలు టికెట్లు మేమే తీసుకుని వెళ్లొచ్చాం. కొన్నాళ్లకు అదే కంపెనీ పేరు చెప్పుకుంటూ సభ్యత్వం అమ్మేవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. రోజూ, ఒక్కోసారి పూటకొకటి. కొత్త నంబరు, కొత్త పేరు, అదే గోవా.

నమోదు చేయడం తేలిక. ఏ నంబరుకు ఫోన్లు ఆగాలో ఆ సిమ్ నుంచే 1909కి ఇంగ్లిష్ అక్షరాల్లో స్టార్ట్ 0 అని మెసేజ్ పెట్టాలి. ఫోన్ చేసినా సరే, రెండూ ఉచితమే. 0 అంటే ప్రచారాలన్నీ బంద్. అంత వద్దనుకుంటే విభాగాల వారీగా ఎంచుకోవచ్చు: బ్యాంకులు, రియల్ ఎస్టేట్, చదువులు ఇలా వరసగా ఉంటాయి, పర్యటనలు, విహారాలది 7వ నంబరు. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల్లో ఏ రోజుల్లో వద్దు, ఏ వేళల్లో వద్దు అని కూడా ఎంచుకునే వీలుంది. నాకు ఆ సున్నితాలు అక్కర్లేదనిపించి 0 పెట్టేశాను. ఓటీపీలు ఆగిపోతాయేమోనని చాలామంది జంకుతారు. ఆగవు. బ్యాంకు మెసేజ్‌లు, రైలు టికెట్ వివరాలు, గ్యాస్ బుకింగ్ సమాచారం అన్నీ ఎప్పటిలాగే వస్తున్నాయి. ఇన్నేళ్లలో దానివల్ల ఒక్క ఇబ్బందీ రాలేదు.

నమోదయ్యాక రియల్ ఎస్టేట్, లోన్ల మెసేజ్‌లు బాగా పలచబడ్డాయి. హాలిడే క్లబ్ ఫోన్లు మాత్రం ఇంచుమించు అలాగే ఉండిపోయాయి. కారణం తెలిశాక ఆశ్చర్యం వేయలేదు. పద్ధతిగా రిజిస్టర్ చేసుకుని ప్రచారానికి ఫోన్ చేసేవాళ్లు 140తో మొదలయ్యే నంబరు నుంచి చేయాలి. బ్యాంకులు, బీమా సంస్థల సేవా కాల్స్‌కి 1600 వరస ఉంది. డీఎన్‌డీ జాబితాతో సరిచూసేది 140 దారిన వచ్చే ప్రచార కాల్స్‌నే. మనకు గోవా చూపించే పిల్లలు చేసేది మామూలు పది అంకెల సిమ్ నుంచి. అది మన చుట్టాల ఫోను లాగే వస్తుంది, జాబితా దాన్ని పట్టుకోలేదు. అంటే, నియమం పాటించేవాడిని మాత్రమే ఆపే గేటు ఇది. గోడ దూకేవాడి సంగతి చూసేది ఫిర్యాదు ఒక్కటే.

చాలామంది చేసే పని నంబరు బ్లాక్ చేయడం. తప్పేం లేదు, ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. కానీ వాళ్ల దగ్గర సిమ్‌లకు కొదవ లేదు, రేపు ఇంకో నంబరు నుంచి చేస్తారు. బ్లాక్ చేసిన నంబరు పక్కింటివాళ్లకు మోగుతూనే ఉంటుంది. ఫిర్యాదు అలా కాదు. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ చేసిన సవరణ ప్రకారం, ఒక నంబరు మీద పది రోజుల్లో ఐదుగురు వేర్వేరు మనుషులు ఫిర్యాదు చేస్తే చాలు, రిజిస్టర్ కాని ఆ నంబరు మీద చర్య మొదలవ్వాలి. అంతకుముందు ఏడు రోజుల్లో పది మంది కావలసి వచ్చేది. చర్యకు గడువు కూడా 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గించారు. తొలిసారి తప్పు తేలితే 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్, మళ్లీ చేస్తే ఏడాది పాటు అన్ని కంపెనీల్లోనూ కనెక్షన్లు కట్. ఈ లెక్క చూశాకే నాకు విషయం బుర్రకెక్కింది: మనమంతా బ్లాక్ కొట్టి ఊరుకుంటే ఆ ఐదు ఎప్పటికీ పూర్తికావు. అందుకే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక అలవాటు చేశాం. ఎవరికైనా ఫోన్ వస్తే నంబరు గ్రూపులో పెడతారు, అదే నంబరు నుంచి ఫోన్ వచ్చినవాళ్లు ఎవరి ఫిర్యాదు వాళ్లు పెడతారు. రానివాళ్లు పెట్టకూడదు. కాల్ నిజంగా వచ్చిందో లేదో సెల్ కంపెనీ తన రికార్డుల్లో చూస్తుంది కాబట్టి దొంగ ఫిర్యాదు నిలవదు, నిలవకూడదు కూడా.

ఫిర్యాదు పెట్టే దారులు మూడు. మెసేజ్, సెల్ కంపెనీ యాప్, ట్రాయ్ డీఎన్‌డీ యాప్. నేను ఎక్కువ వాడింది మెసేజే. ఫోన్‌లో వాళ్లు చెప్పిందేమిటో నాలుగు ముక్కల్లో, ఆ నంబరు, తేదీ, ఈ మూడూ కామాలతో వరసగా రాసి 1909కి పంపితే ఫిర్యాదు నంబరు వస్తుంది. యాప్‌లో అయితే కాల్ లాగ్‌లోంచి ఎంచుకుంటే చాలు, టైపు చేసే పని తగ్గుతుంది. అయితే కాల్ లాగ్, మెసేజ్‌లు చూడటానికి అనుమతి అడుగుతుంది. నాకు అభ్యంతరం లేదు, మా ఆవిడకు ఉంది. తను మెసేజ్‌తోనే నడిపిస్తోంది. ఐఫోన్ వాడే మా తమ్ముడు మాత్రం ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ యాప్‌ని స్పామ్ రిపోర్టింగ్‌కి ఎంచుకోవలసి వచ్చింది. గడువు మరిచిపోకండి: ఇదివరకు మూడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలనేవారు, 2025 సవరణతో అది ఏడు రోజులైంది. డీఎన్‌డీలో నమోదు కానివాళ్లు కూడా ఇప్పుడు ఫిర్యాదు చేయవచ్చు. ఈ రెండో మార్పు చాలామందికి తెలియదు.

ఫోన్ ఎత్తగానే కట్ చేయడం కన్నా అర నిమిషం మాట్లాడటం మేలని నా అనుభవం. కంపెనీ పేరు ఫిర్యాదులో ఉంటే ఆ ఫిర్యాదుకు బలం. కానీ ఆ పేరు రాబట్టడమే కష్టం.

"ఏ కంపెనీ అమ్మా?"

"హాలిడేస్ నుంచి సార్."

"ఏ హాలిడేస్?"

"సార్, మీరు ఆదివారం వస్తే మా మేనేజర్ గారు అన్నీ చెబుతారు సార్."

"నంబరు ఎక్కడ దొరికింది?"

"సిస్టమ్ జనరేట్ చేసింది సార్."

ఇక్కడ కోప్పడి లాభం లేదు. అవతల ఉన్నది చాలావరకు డిగ్రీ అయ్యీ అవని పిల్ల, రోజుకి ఇన్ని కాల్స్ అని టార్గెట్ పెట్టుకుని కూర్చుంది. తిట్టినా, బతిమాలినా మన నంబరు వాళ్ల జాబితాలోంచి పోదు. నేను వాడే మాట ఒక్కటే: "నా నంబరు డీఎన్‌డీలో ఉంది, ఈ కాల్ మీద 1909కి ఫిర్యాదు పెడుతున్నాను." కొందరు ఆ మాట వినగానే పెట్టేస్తారు. కొందరు "ఓకే సార్, ఆదివారం ఎన్ని గంటలకు రాసుకోమంటారు?" అంటారు.

హోటల్ ఎక్కడని అడిగితే మాత్రం టకటకా చెబుతారు. కంపెనీ పూర్తి పేరు ఆ అడ్రసు వాట్సాప్‌లో పంపించమన్నప్పుడే బయటపడుతుంది. ఇది నాకు బాగా పనికొచ్చిన చిట్కా. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఇక లోపాల సంగతి. నేను వాడే సెల్ కంపెనీ ఫిర్యాదులు కొన్నింటిని ఏమీ తేల్చకుండానే మూసేసింది. "పంపినవారి దగ్గర మీ సమ్మతి ఉంది" అన్న జవాబు ఒకటి. అదెలా అని అడిగితే, ప్యాకేజీ ధర అడిగినప్పుడు నేను నొక్కిన "అంగీకరిస్తున్నాను" బటన్ చూపించారు. నిజమే, సమ్మతి ఇస్తే డీఎన్‌డీ దాన్ని అడ్డుకోదు. అందుకని ఆ ట్రావెల్స్ వాళ్లకు మెయిల్ పెట్టాను: నా సమ్మతి ఉపసంహరించుకుంటున్నాను, నా నంబరు మీ దగ్గరా మీ భాగస్వాముల దగ్గరా తొలగించండి, తొలగించినట్టు రాతపూర్వకంగా చెప్పండి. జవాబు రాలేదు. మెయిల్ మాత్రం ఉంది కదా, దాని తేదీ చూపించి తరువాతి ఫిర్యాదు పెట్టాను. ఈసారి సమ్మతి పేరుతో మూసే వీలు లేకపోయింది. ఫోన్లు నిజంగా తగ్గడం మొదలైంది ఆ తరువాతే. అందుకే ఎవరైనా సలహా అడిగితే, కంపెనీ ఏదో తెలిసినప్పుడు 1909 కన్నా ముందు ఆ మెయిల్ పెట్టమంటాను. సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, కంపెనీల మీద పెట్టిన బాధ్యతల్లో చాలావాటి అమలుకు ఏడాదిన్నర గడువిచ్చారు.

మిగతా సాధనాల గురించి క్లుప్తంగా. ట్రూకాలర్ ఎర్ర రంగు చూపించడంలో గట్టిది, కానీ కొత్త సిమ్ అయితే దానికీ తెలియదు, పైగా మన కాంటాక్టులు చూడటానికి అనుమతి అడుగుతుంది, ఆ సంగతి ఆలోచించుకోవాలి. ఎయిర్‌టెల్ 2024లో తన నెట్‌వర్క్‌లోనే అనుమానపు కాల్స్‌ని గుర్తించి చూపించడం మొదలుపెట్టింది. ఇలాంటి హెచ్చరికకు యాప్ అక్కర్లేదు కాబట్టి పెద్దవాళ్లకు మేలు. ఇవన్నీ ఫోన్ ఎత్తకుండా కాపాడతాయి, ఫోన్ రాకుండా కాదు. చక్షు అని ప్రభుత్వ సంచార్ సాథీలో ఇంకోటి ఉంది. అది మోసం అనుమానానికి: కేవైసీ పేరుతో, పోలీసులమంటూ వచ్చే కాల్స్‌కి. ఫ్రీ గోవా కాల్ మోసమా అమ్మకమా అంటే గీత గీయడం కష్టమే గానీ, డబ్బు ముందే కట్టమన్నా, ఓటీపీ అడిగినా అక్కడ చెప్పండి, మామూలు అమ్మకానికి 1909. డబ్బు కట్టేసి ఇరుక్కున్నవాళ్లు ఈ రెండింటితో కాలం వృథా చేసుకోకుండా 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, చేయాలి.

మా నాన్నగారి ఫోన్‌లో కూడా 0 పెట్టించాను. ఆయనది బటన్ల ఫోను, మెసేజ్‌తోనే పనైపోయింది. మొదట్లో ఆయనే నంబరు కాగితం మీద రాసిపెట్టి, నేను ఊరెళ్లినప్పుడు "ఇదిగోరా, వీళ్ల సంగతి చూడు" అనేవారు. ఏడు రోజుల గడువు దాటిపోయినవి చూడలేనని చెప్పాక, ఇప్పుడు ఫోన్‌లోనే చదివి వినిపిస్తున్నారు.

ఇప్పటి పరిస్థితి: మామూలు కాల్స్ ఎప్పుడో ఒకటి తప్ప రావడం లేదు. కానీ అదే బ్యాచ్ వాట్సాప్‌కి మారింది. ఊటీ ఫొటోలు, "హాయ్ సర్" అని మెసేజ్, ఎత్తకపోతే వాట్సాప్ కాల్. 1909 నిబంధనలు సెల్ నెట్‌వర్క్ మీద వచ్చే కాల్స్‌కీ మెసేజ్‌లకీ వర్తిస్తాయి గానీ వాట్సాప్‌కి కాదు. అక్కడ ఉన్నది రిపోర్ట్, బ్లాక్ బటన్లే. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే ఆప్షన్ వాట్సాప్ సెట్టింగుల్లో ప్రైవసీ కింద కాల్స్ అనే చోట ఉంది, అది ఆన్ చేసుకున్నాను. 1909కి నా మార్కులు ఐదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర కోసింది వాట్సాప్‌ని చూసి కాదు, సెల్ కంపెనీ విచారణ లేకుండా మూసేసిన ఫిర్యాదులకు.