ఫ్రీజా బొమ్మకి ముందే డబ్బు కట్టేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

అమ్మినవాడి పేరు రాయను. రాస్తే రిపోర్ట్ కొట్టించి పోస్టు తీయించేస్తాడు, ఇదివరకు ఇంకొకరిది అలాగే పోయింది. అయినా హైదరాబాద్‌లో యానిమే (జపాన్ కార్టూన్) ఫిగర్లు కొనేవాళ్ళకి పేరు అక్కర్లేదు. రీల్స్‌లో నల్ల గ్లవ్స్ వేసుకుని, పెట్టెని అటూ ఇటూ తిప్పుతూ "హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్ గైస్" అంటాడే, ఆ మహానుభావుడు.

నేను కొన్నది డ్రాగన్ బాల్ జీ అనే యానిమేలో విలన్ ఫ్రీజా బొమ్మ, బండాయ్ కంపెనీ ఎస్.హెచ్.ఫిగ్వార్ట్స్ లైనులోది. వాడు రూపాలు మారుస్తుంటాడు, ఇది మొదటి రూపం, కొమ్ములతో, గాల్లో తేలే కుర్చీతో సహా. 6,800 రూపాయలు, మొత్తం ముందే యూపీఐలో పంపాను. వచ్చింది డూప్లికేట్. వెనక్కి తీసుకోనన్నాడు. అంతవరకైతే ఇలాంటివి రోజూ జరిగేవే అని సర్దుకునేవాణ్ణేమో. చివర్లో ఒక మాట అన్నాడు. దానికే ఇంకా ఒళ్ళు మండుతోంది.

రేటు చూసి డౌట్ రాలేదా అని అడుగుతారు. వచ్చింది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. పైన జీఎస్టీ, జపాన్ నుంచి షిప్పింగ్. ఆ లెక్కన ఆ సెట్ ఆ రేటుకి రాదు. అదే అడిగాను. "ప్రైజ్ ఐటమ్ అన్నా, అందుకే తక్కువ" అన్నాడు. ఇక్కడే లేచి వచ్చేయాల్సింది. ప్రైజ్ ఫిగర్లంటే జపాన్ గేమ్ సెంటర్లలో క్రేన్ మెషిన్‌తో గెలుచుకునేవి, బాన్‌ప్రెస్టో పేరుతో వస్తాయి. ఒకే భంగిమలో నిలబడి ఉంటాయి, నిజంగానే చవక. ఫిగ్వార్ట్స్ వేరే లైను. మోచేయి, మణికట్టు, మోకాలు అన్నీ కదులుతాయి, చేతులు ఊడదీసి వేరేవి తగిలించుకోవచ్చు. ఆ రెండింటికీ సంబంధమే లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా "ఏమో, ఇతనికి ఎక్కడో పాత స్టాక్ దొరికిందేమో" అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మేధావిని కదా. అదే యానిమేలో వెజిటా అంతటి యువరాజే తన గ్రహాన్ని ఉల్క ఢీకొట్టిందన్న కథ నమ్మి, దాన్ని పేల్చేసిన ఫ్రీజా దగ్గరే ఊడిగం చేశాడు. నేనెంత.

ఎందుకంత ఆశ అంటే, ఫ్రీజా కాబట్టి. హీరో గోకు బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు మాత్రం కార్టూన్ నెట్‌వర్క్ రోజుల నుంచీ ఈ కుర్చీలో కూర్చున్న పొట్టివాడంటేనే పిచ్చి. సైన్యం ఉంది, ఓడలున్నాయి, గ్రహాలకి గ్రహాలు గుప్పిట్లో ఉన్నాయి. ఆ మొదటి రూపంలోనే 5,30,000 పవర్ లెవెల్, అంటే అక్కడ బలం కొలిచే లెక్క. అన్నీ ఉన్నా చావు లేకుండా బతకాలని కోరిక. నమెక్ గ్రహం మీద ఏడు డ్రాగన్ బాల్స్ ఉన్నాయని, ఏడూ చేరిస్తే డ్రాగన్ వచ్చి కోరిక తీరుస్తుందని తెలిసి, వాటి కోసం ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుంటూ పోతాడు. అదంతా చేస్తూ గొంతు పెంచడు, కుర్చీ దిగడు, ఎదుటివాణ్ణి మీరు, గారు అనే అంటాడు. ఆ మర్యాదే భయం పుట్టిస్తుంది.

భూముల ధరలు ఆకాశానికంటిన బబుల్ రోజుల్లో జపాన్‌లో జనాన్ని ఖాళీ చేయించి భూములు కొట్టేసిన రియల్ ఎస్టేట్ వాళ్ళని చూసే ఈ పాత్ర పుట్టిందని డ్రాగన్ బాల్ సృష్టికర్త తొరియామాయే చెప్పాడు. గ్రహం మీద జనాన్ని లేకుండా చేసి, ఆ గ్రహాన్ని రేటొచ్చే పార్టీకి అమ్ముకోవడం ఫ్రీజా వ్యాపారం. హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగినవాడికి ఈ విలన్ అర్థం కావడానికి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. 2024 మార్చి 1న తొరియామా పోయాక, షెల్ఫ్‌లో ఒక మంచి ఫ్రీజా ఉండాలనిపించింది. అంతే నా కోరిక. అమరత్వం అడగలేదు.

సరే, పార్సెల్ వచ్చింది. విప్పకముందే తెలిసిపోయింది. పెట్టె మీద రంగులు వెలిసిపోయి ఉన్నాయి. కింద సన్న అక్షరాల్లో కాపీరైట్ లైను ఉంటుంది: బర్డ్ స్టూడియో, షూయేషా, తోయెయి యానిమేషన్. ఇందులో బర్డ్ కాస్తా "బ్రిడ్" అయింది. తొరియామా సొంత స్టూడియో పేరండీ అది! జపాన్ పెట్టెల మీద తోయెయి వాళ్ళ మెరిసే స్టిక్కర్ అంటిస్తారు, పిల్లి మొహం ఉంటుంది, పెరో అని వాళ్ళ కంపెనీ గుర్తు. దీని మీదా పిల్లి ఉంది. కానీ అంటించింది కాదు, అట్టతో పాటే అచ్చేశారు. గోటితో గీకితే అట్ట లేచి వచ్చింది.

మూత తీస్తే కిరసనాయిలు వాసన గుప్పుమంది. ఒక కొమ్ము వంకర. పెదాల రంగు గడ్డం దాకా కారింది. కుర్చీని గాల్లో నిలబెట్టే స్టాండ్ పిన్ను దాని రంధ్రంలో దూరదు, కాస్త గట్టిగా నొక్కితే విరిగి లోపలే ఉండిపోయింది. విశ్వాన్ని ఏలే చక్రవర్తి నా టేబుల్ మీద బోర్లా పడి ఉన్నాడు.

వీడియో తీశాను, ఫోటోలు తీసి పంపాను. ఇక ఇక్కడి నుంచి, ఫ్రీజా రూపాలు మార్చినట్టు, అమ్మినవాడు మార్చిన రూపాలు చూడండి.

డబ్బు అందేదాకా "అన్నా". "మీలాంటి నిజమైన ఫ్యాన్స్ కోసమే అన్నా నేను ఈ పని చేసేది, లాభం ఎవడికి కావాలి." ఫోటోలు చూశాక "బ్రో" అయ్యాను. "బ్రో, ఒరిజినల్ కూడా చైనాలోనే తయారవుతుంది, మీకు తెలియదేమో." తెలుసు నాయనా. బండాయ్ ఫిగర్లు చైనాలో తయారవుతాయని ఈ హాబీలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. మేడ్ ఇన్ చైనా అని ఉందని నేను ఏడవలేదు, స్టూడియో పేరు ఎందుకు తప్పుందని అడిగాను. దానికి జవాబు రాలేదు. ఒక బొటనవేలు ఎమోజీ వచ్చింది. మళ్ళీ అడిగితే "బాస్". "బాస్, నో రిటర్న్ నో రిఫండ్, బయోలో క్లియర్‌గా ఉంది, చదువుకోవాలి."

మెసేజ్‌లతో తేలదని ఫోన్ చేశాను. ఎత్తాడు. స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు, పక్కన ఎవరో మాట్లాడటం వినిపిస్తోంది. నేను మర్యాదగానే మొదలుపెట్టాను. గొడవ వద్దండీ, కొరియర్ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను, వస్తువు తీసుకుని డబ్బు ఇచ్చేయండి అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. ఒప్పుకుంటున్నాడేమో అనుకున్నాను కూడా.

"మీ వయసెంత సార్?" అన్నాడు.

చెప్పాను. ఎందుకు చెప్పానో ఆ పరమాత్ముడికే తెలియాలి. ఏదో ఫారంలో నింపడానికి అడుగుతున్నాడు అనిపించింది.

"ఈ వయసులో బొమ్మకి ఒరిజినల్ ఏంటి, డూప్లికేట్ ఏంటి సార్? ఇంట్లో పిల్లలుంటే ఇచ్చేయండి, ఆడుకుంటారు."

పక్కనున్నవాడు పగలబడి నవ్వాడు. వీడూ నవ్వాడు. ఫోన్ కట్. మళ్ళీ చేస్తే వెళ్ళట్లేదు. పేజీ చూస్తే కనపడట్లేదు. అన్ని చోట్లా బ్లాక్.

ఇన్ని మెసేజ్‌లలో రాని "సార్" ఆ రెండు వాక్యాల్లో వచ్చింది చూడండి. కుర్చీలో కూర్చుని చంపడమంటే ఇదే.

అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ తడుతున్నాయి. ఒరేయ్, నువ్వు అమ్మేదే బొమ్మలు కదరా! నీ ఇంటి అద్దె కట్టేది ఈ వయసులో బొమ్మలు కొనే మాలాంటివాళ్ళే కదరా! డబ్బు పంపేటప్పుడు నేను "కలెక్టర్"ని, "ట్రూ ఫ్యాన్"ని, డబ్బు వెనక్కి అడిగేసరికి పెళ్ళయి కూడా బొమ్మలతో ఆడుకునేవాణ్ణి అయిపోయానా? అసలు ఫిగ్వార్ట్స్ పెట్టె మీద 15 ఏళ్ళు దాటినవాళ్ళకి అని ఉంటుంది. ఆ కంపెనీ దీన్ని పిల్లల కోసం చెయ్యలేదు. పైగా వీడు పంపినదాన్ని, ఆ కిరసనాయిలు వాసనదాన్ని, పిల్లలకి ఇవ్వమంటున్నాడు. అందులో ఏ రంగు కలిపారో, ఏ ప్లాస్టిక్ పోశారో వీడికి మాత్రం తెలుసా?

డూప్లికేట్ అమ్మేవాళ్ళందరి మీదా నాకు కోపం లేదు. కోఠిలో ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్ళు ఇంతకన్నా పెద్దమనుషులు. "ఇది కాపీ సార్, 300 ఇవ్వండి" అని మొహం మీదే చెప్తారు, కావాలంటే కొంటాం. వీడు ఒరిజినల్ అని చెప్పి 6,800 తీసుకుని, దొరికిపోయాక అసలు ఒరిజినల్ అనేదే పిచ్చి అంటున్నాడు. ఫ్రీజా కూడా ఇంత దూరం పోలేదు. నమెక్ పెద్దల్ని చంపించాడు, పిల్లల్నీ వదల్లేదు, కానీ ఆ బంతుల కోసం వాళ్ళు ప్రాణాలిస్తుంటే "ఈ రాళ్ళకి ఇంత పట్టింపేంటి" అని నవ్వలేదు. వాటి విలువ వాడికి తెలుసు.

రిఫండ్ ప్రయత్నాల గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ. యూపీఐ రసీదు ఉంది, చాట్ ఉంది, పెట్టె విప్పిన వీడియో ఉంది, తప్పు పేరున్న అట్టపెట్టె ఉంది. ఫ్రీజా కూడా ఏడు బంతులూ ముందు పెట్టుకుని నిలబడ్డాడు, ఏమీ జరగలేదు. ఆ డ్రాగన్‌ని నమెక్ భాషలో పిలవాలి, వాడికి ఆ భాష రాదు. కిటుకు తెలుసుకుందామని వెళ్తే నెయిల్ అనేవాడు తన్నులు తింటూనే టైం లాగాడు, ఈలోగా డెండె అనే చిన్న పిల్లాడు వచ్చి డ్రాగన్‌ని పిలిచేశాడు. పేమెంట్ యాప్ కస్టమర్ కేర్ దగ్గర నా పనీ అంతే. "మీరే పిన్ కొట్టి పంపారు కదా సార్, లావాదేవీ సక్సెస్‌ఫుల్ అని చూపిస్తోంది" అంటారు. సక్సెస్‌ఫుల్ అని నాకూ చూపిస్తోందమ్మా, ఆ బాధే చెప్తున్నా.

ఇంట్లో ధర 2,000 అని చెప్పాను. కాబట్టి ఓదార్పు కూడా 2,000కి సరిపడానే దొరికింది.

సలహా అంటారా, ఇంత రాశాక అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నా. డబ్బు పంపకముందు పెట్టె కింద కాపీరైట్ లైను ఫోటో, స్టిక్కర్ దగ్గరి నుంచి తీసిన ఫోటో అడగండి. నసిగితే వదిలేయండి. ఫ్రీజా పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మాత్రం కంగారుపడొద్దు, అసలు పెట్టెల మీదే రెండు రకాలుగా వస్తుంది. ఫిగ్వార్ట్స్‌ని ఎవరైనా ప్రైజ్ ఐటమ్ అంటే ఆ మాట చాలు, నమస్కారం పెట్టి వచ్చేయండి. విప్పేటప్పుడు వీడియో తీయండి. బయోలో నో రిటర్న్ అని రాసుకున్నంత మాత్రాన అది చట్టం కాదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం నకిలీ వస్తువునీ, చెప్పినదానికి భిన్నంగా ఉన్నదాన్నీ తీసుకోనని అమ్మినవాడు అనకూడదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నేను కంప్లైంట్ ఇచ్చాను, నంబరు వచ్చింది, చూడాలి.

నన్ను బ్లాక్ చేశాడు కాబట్టి ఇందాక మా తమ్ముడి ఫోన్‌లో వాడి పేజీ చూశాను. నేను పెట్టిన కామెంట్ తీసేశాడు. కొత్తగా గోల్డెన్ ఫ్రీజా, అంటే వాడి బంగారు రంగు రూపం, పెట్టాడు, అదే నల్ల గ్లవ్స్, "లాస్ట్ టూ పీసెస్ గైస్". కింద ఎవరో అబ్బాయి "పేమెంట్ డన్ అన్నా" అని రాశాడు. తమ్ముడూ, నువ్వెవరో నాకు తెలియదు, నీకు మెసేజ్ పెడదామంటే నీ ప్రొఫైల్ లాక్‌లో ఉంది. ఇది నీ కంట పడితే కాపీరైట్ లైను ఫోటో ఇప్పుడే అడుగు. పంపకపోతే పార్సెల్ కోసం ఎదురుచూడకు, వెంటనే బ్యాంకుకి చెప్పి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు వాడి అకౌంట్‌లో ఉండదు.