నేను చూపించిందే డాక్టర్ చూస్తారు: నాలుగేళ్ల ఆన్‌లైన్ స్కిన్ కన్సల్టేషన్

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారిగా ప్రకటించేనాటికి నా సోరియాసిస్‌కి (చర్మం మందమై పొట్టు రాలే దీర్ఘకాలపు జబ్బు) తొమ్మిదేళ్లు నిండాయి. రెండు మోచేతులు, మోకాళ్లు, తలలో చెవుల వెనక భాగం. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ మాత్రలు, పైన రాసుకోవడానికి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. ఆ నెలాఖరున ఉన్న అపాయింట్‌మెంట్‌ని క్లినిక్ వాళ్లే రద్దు చేసి, "ఇక ఫోన్‌లోనే చూస్తారండీ, ఫొటోలు పంపండి" అన్నారు. ఫోన్‌లో చర్మం చూడటమేంటి అని నవ్వుకున్నాను. నాలుగేళ్లు దాటింది, ఇప్పటికీ వాడుతున్నాను. కాకపోతే అన్నిటికీ కాదు.

ఈ పద్ధతి కోవిడ్‌తో పుట్టింది కాదు. టెలిడెర్మటాలజీ అన్న పేరు 1995 నుంచే వైద్యుల వాడుకలో ఉంది. ఫొటోలూ వివరాలూ పంపితే డాక్టర్ తన వీలునిబట్టి చూసి జవాబివ్వడం ఒక రకం, వీడియో కాల్ ఇంకో రకం. ఎదురుగా మనిషి కనిపిస్తారు కాబట్టి వీడియోనే మేలు అనుకున్నాను మొదట్లో. మొదటి కాల్‌లో పది నిమిషాలపాటు మోచేతిని కెమెరాకి చూపిస్తూ, "కొంచెం పైకి... కాదు, వెలుతురు వైపు... ఆగండి, మసకగా ఉంది" అంటుంటే చెయ్యి లాగేసింది. చివరికి డాక్టర్ గారే "వీడియో మాట్లాడుకోవడానికి ఉంచుదాం, చూడటానికి ఫొటోలు పంపండి" అని తేల్చేశారు. అప్పట్నుంచి మాది అదే పద్ధతి. ముందు రోజు ఫొటోలు, మర్నాడు కాల్.

అసలు కష్టమంతా ఆ ఫొటోల దగ్గరే. రెండో నెల పంపినవి చూసి డాక్టర్ గారు, "పొట్టు బాగా తగ్గిందే, స్టెరాయిడ్ ఆపేద్దామా?" అన్నారు. నేను కుర్చీలోంచి లేస్తే కింద పొట్టు రాలి ఉంటోంది! ఆరా తీస్తే, నా ఫోన్ కెమెరాలో ముఖాన్ని నునుపు చేసే బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంది. ముఖం ఏదో మోచెయ్యి ఏదో దానికేం తెలుసు? గరుకుగా ఉన్నదాన్నల్లా నున్నగా చేసి పెట్టింది. ఆ ఒక్క బటన్ వల్ల నా మందు ఆగిపోయేదే. ఈ రాతలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు, ఆ మోడ్ ఆపడం మాత్రం మర్చిపోకండి.

తర్వాత నేర్చుకున్నవి ఇంకొన్ని. ట్యూబ్‌లైట్ కింద తీస్తే రంగు పాడవుతుంది. పగటిపూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయాలి. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు ఎర్రగా కనబడదు. ఊదాగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. అందుకే జబ్బు లేనిచోటి చర్మం కూడా అదే ఫొటోలో పడాలి, డాక్టర్‌కి పోల్చి చూడ్డానికి. కెమెరా మరీ దగ్గర పెడితే ఫోకస్ కుదరక అలికేసినట్టు వస్తుంది. ఒక అడుగు వెనక్కి జరిగి తీసి, తర్వాత కత్తిరించుకోవడం నయం. ఒకటి దూరం నుంచి, ఒంటిమీద ఎక్కడుందో తెలిసేలా. ఒకటి దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి. మెసేజ్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు కుదించుకుపోయి వివరాలు పోతాయి కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. తల మాత్రం ఒక్కడి వల్ల కాదు. మా ఆవిడ దువ్వెనతో పాయలు తీసి పట్టుకుంటే మా వాడు ఫొటో తీస్తాడు. రెండు నెలలకోసారి ఇంట్లో అదో షూటింగ్.

ఎంత బాగా తీసినా ఒకటి మాత్రం ఫొటోకి అందలేదు. సోరియాసిస్ ఎంత ఉందో లెక్కేయడానికి డాక్టర్లు ఎరుపు, పొట్టు, మందం మూడూ చూసి, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. మొదటి రెండూ కంటితో తేలతాయి. మందం తేలాలంటే వేలు కావాలి. "కళ్లు మూసుకోండి. మంచి చర్మం మీంచి మచ్చ మీదికి వేలు జరపండి. అంచు తగులుతోందా? గట్టు ఎక్కినట్టుందా, కాగితం అంచులా ఉందా?" అని నన్నడిగి, నా జవాబునే రాసుకునేవారు. ఆమె వేలి పని నా వేలు చేసింది. తర్వాత ఇంకో చిట్కా కూడా చెప్పారు: గది చీకటి చేసి, టార్చి పక్కనుంచి వేస్తే మందంగా ఉన్నచోట నీడ పడుతుందట. నిజంగానే పడింది. ఆ నీడ ఫొటోలన్నీ దాచుకున్నాను. ఎనిమిది నెలల్లో నీడ సన్నబడటం నేనే చూసుకున్నాను.

పాత జబ్బు, పాత డాక్టర్ అయితే దీనికి పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. ముఖ్యంగా ఆ మొదటి ఆరు నెలలకి. మెథోట్రెక్సేట్ రోగనిరోధక శక్తి మీద పనిచేసే మందు. బయట వైరస్, లోపల ఈ మాత్ర. ఆపేయాలా వద్దా అని రాత్రిళ్లు ఒకటే టెన్షన్. ఒక వారం మాత్ర చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. మర్నాడే కాల్ దొరికింది. "మీ అంతట మీరు ఆపొద్దు. జ్వరం వస్తే మాత్రం ఆ వారం మాత్ర వేసుకోకుండా వెంటనే నాకు చెప్పండి" అన్న ఒక్క మాటతో నిద్ర పట్టింది. మామూలు రోజుల్లో ఆ మాట కోసం సగం రోజు సెలవు పెట్టి, వెయిటింగ్ హాల్లో కూర్చోవాల్సి వచ్చేది. రక్తపరీక్షలకి మాత్రం ల్యాబ్‌కి వెళ్లక తప్పలేదు. కాలేయం ఎలా ఉందో, రక్తకణాలు తగ్గాయేమో ఏ ఫొటో చెప్పలేదు కదా.

నేరుగా వెళ్లడంకన్నా ఇదే మెరుగు అనిపించింది ఒకే ఒక్కసారి, మా వాడికి దద్దుర్లు వచ్చినప్పుడు. రాత్రి పదకొండింటికి ఒళ్లంతా తట్లు లేచేవి. తెల్లారి చూస్తే ఏమీ ఉండేది కాదు. పగలు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చూపించడానికి శుభ్రమైన వీపు తప్ప ఏముంటుంది? ఫొటోలుంటే ఆ బాధ లేదు. డాక్టర్ గారు ఒక తట్టు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీయమన్నారు. మర్నాడు అదే టైముకి ఆ గీతలో ఏముందో ఫొటో తీయమన్నారు. మామూలు దద్దురైతే ఒక్కోటి 24 గంటల్లోపే పోయి ఇంకోచోట లేస్తుందట. అదే చోట అంతకన్నా ఎక్కువసేపు ఉండి, పోయాక కమిలిన మచ్చ మిగిలితే రక్తనాళాల వాపేమో చూడాలట. గీత మిగిలింది, తట్టు మాయమైంది. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా ఫొటోల జోలికి పోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలని రెండుసార్లు చెప్పించుకున్నాం.

ఇక దెబ్బతిన్న సంగతి. 2020 చివర్లో నా తొడల మధ్య కొత్తగా దురద మొదలైంది. మా డాక్టర్ గారు ఆ రెండు వారాలూ అందుబాటులో లేరు. ఒక యాప్‌లో దొరికిన డాక్టర్‌కి చూపించుకున్నాను. చూపించుకున్నాను అంటున్నాను గానీ, నిజానికి చూపించలేదు. సిగ్గేసి, బాత్‌రూమ్‌లో మసక వెలుతురులో ఒకే ఒక్క ఫొటో తీశాను. అందులో అసలు మచ్చ అంచు పడలేదు. పైగా "తామర అనుకుంటా" అని రాశాను. ఇక్కడే ఉంది తిరకాసు. తామర అంటే కొందరికి ఎగ్జిమా (అంటుకోని చర్మపు వాపు), కొందరికి ఫంగస్. నేనేమో ఫంగస్ అనుకుని రాశాను. అవతలి వాళ్లు, ఎప్పట్నుంచో చర్మం జబ్బున్న మనిషి కదా, ఎగ్జిమా అనుకున్నట్టున్నారు. స్టెరాయిడ్ క్రీమ్ రాశారు.

నాలుగు రోజుల్లో దురద పోయింది. భలే మందు అనుకున్నాను. మూడు వారాలకి ఆ మచ్చ తొడ కిందికీ, పొట్ట మీదికీ పాకింది. దురద తిరిగొచ్చింది. విచిత్రమేమిటంటే, ఫంగస్‌కి ఉండే గుండ్రటి అంచు ఎక్కడా లేదు. స్టెరాయిడ్ వాపుని అణిచేస్తుంది, ఫంగస్‌ని మేపుతుంది. దాంతో జబ్బు తన రూపమే మార్చేసుకుంటుంది. వైద్యులు దీన్ని టినియా ఇన్‌కాగ్నిటో అంటారు, మారువేషంలో ఉన్న ఫంగస్ అన్నమాట. మారువేషం వేసుకున్నదాన్ని ఫొటోలో ఎవరు పోల్చుకుంటారు? మా డాక్టర్ గారు వచ్చాక ఫొటో చూసి ఏమీ చెప్పలేదు, "రేపు రండి" అన్నారంతే. బ్లేడుతో అంచున కొంచెం గీకి, ఆ పొట్టుని గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. కాసేపటికి నన్ను పిలిచి చూడమన్నారు. పారదర్శకమైన పెంకుల మధ్య సన్నటి దారాల్లాగా ఫంగస్. మూడు వారాలు ఫోన్ తేల్చలేనిది నిమిషాల్లో తేలిపోయింది. వదిలించుకోవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఆ డాక్టర్‌ని పూర్తిగా తప్పు పట్టలేను. ఫొటో సరిగా లేదు, ఇంకోటి పంపమని అడిగి ఉండాల్సింది, నిజమే. కానీ ఆ ఒక్క ఫొటో పంపింది నేనే. క్లినిక్‌లో అయితే తెర వెనక్కి పంపి చూసేవారు, నా సిగ్గుతో పని ఉండేది కాదు.

సిగ్గు అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. నా ఫోన్‌లో ఫొటోలు ఆటోమేటిగ్గా ఇంటిల్లిపాదీ చూసే ఆల్బమ్‌లోకి వెళ్లేవి. ఓ ఆదివారం టీవీలో స్లైడ్‌షో నడుస్తుండగా మా వాడి పుట్టినరోజు ఫొటో తర్వాత నా మోకాలు తెరనిండా వచ్చింది. మోకాలే కాబట్టి సరిపోయింది! ఆ రోజే చర్మం ఫొటోలకి లాక్ ఉన్న ఫోల్డర్ పెట్టి, బ్యాకప్ ఆపేశాను.

అమ్మ వీపు మీద పుట్టుమచ్చ నల్లబడుతోందని ఫొటో పంపినప్పుడు, డాక్టర్ గారు అభిప్రాయం చెప్పడానికే ఒప్పుకోలేదు. ఆకారం రెండు పక్కలా ఒకేలా లేకపోయినా, అంచు చెదిరినా, రంగులు కలిసినా, 6 మిల్లీమీటర్లు దాటినా, మారుతున్నా డెర్మోస్కోప్‌తో (మచ్చని పెద్దది చేసి చూపే పరికరం) చూడాల్సిందే అన్నారు. వెళ్లాం. వయసుతో వచ్చే మామూలు మచ్చే అది. వీపంతా చూస్తే అలాంటివే ఇంకో నాలుగున్నాయి, అమ్మకీ తెలీదు, మాకూ తెలీదు. "ఇది ఫోన్‌లో చెప్పను" అన్న మాట విన్నాకే ఆమె ఫోన్‌లో చెప్పేవాటి మీద నాకు నమ్మకం పెరిగింది.

నా అభిప్రాయాన్ని గట్టిగా మార్చింది మాత్రం 2021 చివర్లో వెళ్లిన విజిట్. సోరియాసిస్ చూపించుకోవడానికి ఏడాదిన్నరకి పైగా గడిచాక మొదటిసారి నేరుగా వెళ్లాను. మోచేతులు దాదాపు మామూలైపోయాయి, అప్పటికే డోసు తగ్గించి ఉన్నాం. శభాష్ అంటారని వెళ్లాను. ఫైలు అందించబోతే డాక్టర్ గారు ఫైలు తీసుకోలేదు, నా చెయ్యి పట్టుకున్నారు. గోళ్లని వెలుతురుకి తిప్పి చూశారు. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. "పొద్దున్న లేవగానే వేళ్లు పట్టేస్తున్నాయా?" అన్నారు. పట్టేస్తున్నాయి. ఆరు నెలలుగా. అరగంట దాకా పిడికిలి బిగిసేది కాదు. ఇంట్లోంచి పని, రోజంతా కీబోర్డు, అందువల్లే అనుకుని ఏ కాల్‌లోనూ చెప్పలేదు. సోరియాసిస్ ఉన్న కొందరిలో అది కీళ్లకి కూడా వస్తుందనీ, గోళ్లలో గుంటలు దానికి ఒక సూచన కావచ్చనీ అప్పుడే తెలిసింది. అదే రోజు కీళ్ల డాక్టర్‌కి రాసిచ్చారు.

ఇంటికొచ్చి పాత ఫొటోలన్నీ వెతికాను. రెండొందలకి పైగా మోచేతులు, మోకాళ్లు, తల. గోరు ఒక్కటీ లేదు. ఎవరూ అడగలేదు, నేను పంపలేదు. గదిలోకి నడిచొచ్చే మనిషిని డాక్టర్ మొత్తంగా చూస్తారు. ఫోన్‌లో నేను ఫ్రేమ్‌లో పెట్టింది మాత్రమే చూస్తారు.

ఇప్పుడు నేను పాటించేది సులువు. పేరు తెలిసిన జబ్బు ఎలా ఉందో చెప్పుకోవడానికి, మందు కొనసాగించడానికి, రక్తపరీక్ష రిపోర్టులు చూపించడానికి ఆన్‌లైన్. ఏడాదికి రెండుసార్లు తప్పనిసరిగా నేరుగా. అప్పుడు చొక్కా, సాక్సు విప్పి మొత్తం చూపిస్తాను. కొత్తగా ఏది వచ్చినా, అందులోనూ దాని మీద ఏదైనా క్రీమ్ రాసేసి ఉంటే, ఆన్‌లైన్‌కి పదికి మూడు కూడా ఇవ్వను.

పోయిన వారం కుడి పాదం అంచున రూపాయి బిళ్లంత మచ్చ ఒకటి కనిపించింది. కిటికీ పక్కన, స్కేలు పెట్టి, మంచి ఫొటో తీశాను. పంపలేదు. గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.