కోటప్పకొండ నడక, చంద్రశిల ఎక్కుడు: ఏది ఎక్కువ కష్టం?

ఉత్తరాఖండ్ హిమాలయాల్లో ఉన్న చంద్రశిల శిఖరం ఎక్కొచ్చామంటే గుంటూరులో అందరూ ముందు అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అనే. దారి మొదలయ్యే చోప్తా నుంచి తుంగనాథ్ శివుడి గుడికి 4 కిలోమీటర్ల లోపే, అక్కడి నుంచి శిఖరానికి ఇంకో 1.5 అని చెప్పగానే "ఓస్, అంతేనా!" అనేస్తారు. శివరాత్రికి ఇక్కడి నుంచి కోటప్పకొండకు నడిచివెళ్ళే బ్యాచ్ అయితే మరీనూ. వాళ్ళది 60 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నేను రెండూ నడిచాను కాబట్టి నా లెక్క చెబుతాను.

కొండదారుల్లో ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్లకు గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఆ లెక్కన కోటప్పకొండ దారికి 12 గంటలు, దాదాపు వెయ్యి మీటర్లు పైకెక్కే చంద్రశిలకు మూడు గంటల లోపు. అంటే ఇది అందులో నాలుగో వంతన్న మాట! కానీ ఆ సూత్రానికి మన తారురోడ్డు వేడి తెలియదు, అక్కడి పలచటి గాలీ తెలియదు.

ముందు మన దారి. సాయంత్రం చల్లబడ్డాక గుంటూరులో బయలుదేరితే పేరేచర్ల, ఫిరంగిపురం దాకా హాయిగానే ఉంటుంది. ఊపిరి ఎక్కడా ఆడకపోవడం ఉండదు, గుండె దడ ఉండదు, కబుర్లతోనే సాగిపోతుంది. దెబ్బంతా ఆ తర్వాత. సాతులూరు దాటేసరికి అరికాళ్ళు మండుతాయి, తొడలు ఒరుసుకుపోతాయి, కాలి బొటనవేలి గోరు నల్లబడుతుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: వాన నీళ్ళు పోవడానికి రోడ్డును అంచుల వైపు వాలుగా వేస్తారు. రాత్రంతా ఒకే అంచున నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, తెల్లారేసరికి ఆ వైపు తుంటి పట్టేస్తుంది. వేలసార్లు అదే అడుగు, అదే కండ, అదే కీలు. ఎగుడుదిగుడు దారిలో అయితే కండరాలు వంతులు వేసుకుంటాయి. చదును రోడ్డు మీద వాటికి ఆ సదుపాయం లేదు.

సేవల మాటకొస్తే మాత్రం ఈ దారికి వంక పెట్టలేం. చలివేంద్రాలు, మజ్జిగ, పులిహోర పొట్లాలు, అన్నదానం పందిళ్ళు. చెమట అంతగా పోయేటప్పుడు వట్టి మంచినీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ దొరికినచోటల్లా తాగాలి. బస మాత్రం కష్టమే. నరసరావుపేట లాడ్జీల్లో పండగ రోజుల్లో గది దొరకదు, దొరికినా బాత్రూం దగ్గర క్యూ. మేం ఒక కల్యాణమండపంలో చాపేసుకుని నడుం వాల్చాం. ఎల్లమంద వైపు తిరిగాక ప్రభల ట్రాక్టర్లు, మైకులు, జనం. కాళ్ళు లేకపోయినా ఆ తోపులాటే ముందుకు తీసుకెళ్తుంది. అయితే ఈ నడకలో అసలు పరీక్ష పక్కనుంచి పోయే ఆటో. ప్రతి ఆటోవాడూ ఆపి "కొండకేనా అన్నా?" అంటాడు.

ఇక చోప్తా. దసరా తర్వాత అక్టోబరులో వెళ్ళాం. శివరాత్రికి అక్కడ మంచు, గుడి మూసే ఉంటుంది. స్వామివారి ఉత్సవమూర్తి చలికాలమంతా మక్కూమఠ్‌లో ఉంటాడు. విజయవాడ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి ఋషికేశ్, రుద్రప్రయాగ, ఊఖీమఠ్. సుమారు 1,300 మీటర్ల ఎత్తున్న ఊఖీమఠ్‌లో రాత్రి ఆగడం చాలా ఉపయోగపడింది. మర్నాడు చోప్తా దాదాపు 2,700. అక్కడ గదులంటే రేకుల కప్పు, సోలార్ దీపం, కదలనివ్వనంత బరువు రజాయిలు. వేడినీళ్ళు బకెట్ లెక్కన డబ్బులు తీసుకుని ఇస్తారు. ఫోను సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. ఆ ఎత్తులో నీళ్ళు 91 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే కుక్కర్ పెట్టకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది. మా వాళ్ళకు రాజ్మా రెండో పూటకే మొహం మొత్తింది. మా అత్తయ్య తెచ్చిన కందిపొడి, ఆవకాయ బయటికి తీశాక పక్క టేబుల్ బెంగాలీలు కూడా చేయి చాచారు.

తుంగనాథ్ దాకా రాళ్ళు పరిచిన మంచి దారి, కావాలంటే గుర్రాలూ ఉన్నాయి. పంచకేదారాలనే అయిదు శివాలయాల్లో అన్నిటికంటే ఎత్తున ఉన్న గుడి ఇదే. శిఖరం 4,000 మీటర్లని చాలాచోట్ల రాస్తారు, అది కాస్త పెంచిన అంకె. 3,700 దగ్గరని నా అభిప్రాయం. ఆ ఎత్తులోనూ గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, కానీ వాతావరణ పీడనం మన ఊళ్ళో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. ప్రతి శ్వాసకూ లోపలికి చేరేది ఆ మేరకు తగ్గుతుంది. రోజూ జిమ్‌కు పోయే మా బావమరిది మొదటి అరగంట పరుగులాంటి నడక నడిచి, గుడి ఇంకా కనపడకముందే రాయి మీద కూలబడ్డాడు. "బావా, మీరెక్కండి, నాకు తల పగిలిపోతోంది" అన్నాడు. అత్తయ్య మాత్రం ఇరవై అడుగులకోసారి ఆగుతూ, పంచాక్షరి చెప్పుకుంటూ గుడి దాకా ఎక్కేసింది. అక్కడ కండబలం కంటే నిదానమే పనిచేస్తుంది. గుడి దాటాక మట్టి, రాళ్ళు. పొద్దున్నే మంచు పేరుకుని జారుతుంది. పైన నందాదేవి, త్రిశూల్, చౌఖంబా వరసగా కనిపించాయి, మేఘాలు కమ్మేలోపు.

నా తీర్పు ఇదీ: కష్టం కోటప్పకొండదే, ప్రమాదం చంద్రశిలది. కోటప్పకొండకు వెళ్ళొచ్చాక కొన్నాళ్ళు మేడమెట్లు వెనక్కి తిరిగి దిగాను. చంద్రశిల నుంచి దిగిన సాయంత్రమే పకోడీల కోసం బజారుకెళ్ళాను. కానీ మన రోడ్డు మీద ఒళ్ళు మొండికేస్తే ఆటో ఎక్కేయొచ్చు, బొబ్బలకు మందుంది. పైన తలనొప్పి, వాంతి మొదలయ్యాక పట్టుదల పనికిరాదు, కిందికి దిగడమే వైద్యం. బావమరిదిని గుర్రం మీద దింపించాం, చోప్తా చేరేసరికి మామూలు మనిషయ్యాడు. ఎత్తు పడక వచ్చే ఈ జబ్బుకు ముందుజాగ్రత్తగా డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే డాక్టరును అడగాలి, సల్ఫా మందులు పడనివాళ్ళయితే తప్పనిసరిగా.

సాధనకు మనకు దగ్గర్లోనే చోట్లున్నాయి. చంద్రశిలకైతే మంగళగిరి మెట్లు, కొండవీడు కోట దారి చాలు, ఎక్కడంతో పాటు దిగడం కూడా అలవాటు చేయాలి, మోకాళ్ళు పట్టేది అక్కడే. కోటప్పకొండకైతే తాడేపల్లి కరకట్ట మీద ఎండలో పొడవాటి నడకలే దారి, అదీ పండక్కి వేసుకునే చెప్పులతోనే. కొత్త బూట్లు రెండుచోట్లా వద్దు. చోప్తాకు వెళ్ళేవాళ్ళు నగదు ఊఖీమఠ్‌లోనే తీసుకోండి, పైన ఏటీఎం లేదు.