తక్కువ బడ్జెట్‌లో పికాచు కార్డులు: సీల్డ్ ప్యాక్ మేలా, విడి కార్డు మేలా?

పోకెమాన్‌లలో పసుపు ఎలుక పికాచు అంటే ప్రాణం, కానీ నెలకు ఐదారు వందలకు మించి పెట్టలేను, ఏం కొనాలి? పోకెమాన్ కార్డుల మీద మనసు పడ్డ పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, ఉద్యోగంలో చేరాక చిన్నప్పటి సరదా తీర్చుకుంటున్నవాళ్లూ అందరూ అడిగేది ఇదే. నా జవాబు ముందే చెప్పేస్తాను. లోపల ఏ కార్డులున్నాయో తెలియకుండా మూసి అమ్మే ప్యాకులు పక్కన పెట్టండి, కావాల్సింది చూసి విడి కార్డులు కొనండి. అందులోనూ ఎవరూ పెద్దగా పట్టించుకోని మామూలు కామన్ కార్డులతో, అంటే ఎక్కువగా దొరికేవాటితో, మొదలుపెట్టండి.

పికాచు పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది అమెరికా యూట్యూబర్ లోగన్ పాల్ 2021లో 52.75 లక్షల డాలర్లు పోసి కొన్న 'ఇలస్ట్రేటర్' కార్డు. జపాన్‌లో 1997-98 నాటి బొమ్మల పోటీల్లో గెలిచినవాళ్లకు ఇచ్చిన బహుమతి అది. అలాంటి వార్తలు చూసి ఇది మనలాంటి వాళ్లకు అందే సరదా కాదనుకుంటారు. నిజానికి ఇంత చవగ్గా సేకరించగల పోకెమాన్ మరొకటి దొరకడం కష్టం. పోకెమాన్ కంపెనీకి పికాచే ముఖం కాబట్టి ఏటా కొత్త పికాచు కార్డులు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలా వాటిని లెక్కలేనన్ని అచ్చేస్తారు, అందుకే ధర దిగుతుంది.

ముందు ప్యాకుల లెక్క చూద్దాం. ఇంగ్లిష్‌లో 2023 సెప్టెంబరులో వచ్చిన '151' సెట్‌నే (ఒకే పేరుతో కలిసి విడుదలైన కార్డుల వరుస) తీసుకోండి. ప్యాకులో 10 కార్డులు ఉంటాయి, ఆటలో వాడే ఒక ఎనర్జీ కార్డు అదనం. ఆ పదిలో నాలుగు కామన్లు, మూడు అన్‌కామన్లు, మిగతా మూడు మెరిసేవి. సెట్ వరుస 165 దాకా ఉంటుంది. పికాచు నంబరు 025, కామన్. 165 దాటాక 207 దాకా ఉన్నవి సీక్రెట్ కార్డులు, వాటిలో 173 నంబరుతో ఇంకో పికాచు ఉంది. కార్డంతా బొమ్మే పరుచుకున్న ఇలస్ట్రేషన్ రేర్ అది. అది ఎన్ని ప్యాకులకు ఒకటి పడుతుందో కంపెనీ చెప్పదు. ఆరు ప్యాకుల బండిల్ మొత్తం విప్పినా మామూలు 025 కూడా రాకపోవచ్చు. ఇంట్లో మాత్రం రటాటా, వీడిల్ లాంటి వేరే పోకెమాన్‌ల కార్డులు గుట్టపడతాయి. పికాచు ఒక్కటే కావాలనుకునేవాళ్లకు ఇది డబ్బు దండగ వ్యవహారం.

ప్యాకుకు ఒక సుగుణం ఉంది, కాదనను. ఏమొస్తుందోనన్న టెన్షన్‌తో కవరు చింపే ఆ అర నిమిషం ఆనందం విడి కార్డులో దొరకదు. పుట్టినరోజుకో, పరీక్షలు అయిపోయాకో పిల్లలకు ఒక ప్యాకు కొనివ్వడం మంచి పని. సేకరణకు మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

విడి కార్డుల్లో మీరు డబ్బు పెట్టేది మీకు కావాల్సిన బొమ్మ మీదే. కానీ ఇక్కడా ఒక తేడా తెలుసుకోవాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఈ విషయంలోనే. ఇదే 151 సెట్ జపనీస్‌లో మూడు నెలల ముందే, 2023 జూన్‌లో వచ్చింది. అందులోని 025 పికాచు మూడు రకాలుగా దొరుకుతుంది. ఒకటి మెరుపు లేని సాదా కార్డు. రెండోది నేపథ్యంలో పోకే బాల్ (పోకెమాన్‌లను పట్టే బంతి) ముద్రలు మెరిసేది. మూడోది మాస్టర్ బాల్ అనే ఇంకో రకం బంతి ముద్రలు మెరిసేది. మూడింటిలోనూ బొమ్మ అదే, నంబరు అదే, దాడులు అవే. సాదా కార్డు చిల్లర డబ్బులకు వస్తుంది, మాస్టర్ బాల్ కార్డుకు వేలకు వేలు అడుగుతారు. ఆ తేడా అంతా మెరుపు పూత ఎంత అరుదన్న దానికే. మీకు నచ్చింది బొమ్మ అయితే సాదా కార్డులో మీకు తక్కువైందేమీ లేదు. ఆ మెరుపే ముద్దనిపిస్తే మధ్యలో ఉన్న పోకే బాల్ రకం చూసుకోండి, ధర కాస్త అందుబాటులో ఉంటుంది.

జపనీస్‌దా, ఇంగ్లిష్‌దా అన్న ప్రశ్నకు నా మొగ్గు బొమ్మల వరకు జపనీస్ వైపే. అంచుల కోత నీటుగా ఉంటుంది, అచ్చు నాణ్యత నిలకడగా ఉంటుంది, ఒకే బొమ్మ చాలాసార్లు ఇంగ్లిష్ కన్నా తక్కువకే దొరుకుతుంది. పిల్లలు ఆట కూడా ఆడాలనుకుంటే మాత్రం ఇంగ్లిష్ కొనాలి, చదవలేని కార్డుతో ఆడలేరు కదా.

పాతవా, కొత్తవా? ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, దాచను. ఇంగ్లిష్‌లో 1999లో వచ్చిన మొట్టమొదటి బేస్ సెట్‌లో 102కి 58వ నంబరు పికాచు ప్రతి సేకరణలోనూ ఉండాలి. బొమ్మ మిత్సుహిరో అరితాది. ఇప్పటి నాజూకు పికాచు కాదు, బుగ్గలూ పొట్టా ఉబ్బిన బొద్దు పికాచు. ఆటలో దాని బలం 40 మాత్రమే. పెద్ద దాడికి బొమ్మా బొరుసా వెయ్యాలి, బొరుసు పడితే 10 దెబ్బ తనకే తగులుతుంది. కింద సన్న అక్షరాల్లో, ఇవి చాలా ఒకచోట చేరితే వాటి కరెంటుకు ఉరుముల వాన కూడా రావచ్చని రాసి ఉంటుంది. మొదట్లో అచ్చయిన కొన్నింటిలో బుగ్గలు ఎర్రగా, తర్వాతి వాటిలో పసుప్పచ్చగా ఉంటాయి. ఎర్ర బుగ్గలవీ, ఫస్ట్ ఎడిషన్ (తొలి ముద్రణ) గుర్తు ఉన్నవీ ఖరీదు. అన్‌లిమిటెడ్ అనే మామూలు ముద్రణ, పసుపు బుగ్గలది, మూలలు కాస్త అరిగినది అయితే కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది. ఏ పిల్లాడో జేబులో పెట్టుకుని ఆడుకున్న కార్డు కాబట్టి తెల్లబడ్డ అంచులను నేను లోపంగా చూడను.

పైసా పెంచకుండా సేకరణకు రుచి తెచ్చే ఇంకో దారి చిత్రకారులను బట్టి ఏరుకోవడం. కార్డు కింది అంచున చిత్రకారుడి పేరు ఉంటుంది. పికాచు రూపాన్ని మొదట గీసిన అత్సుకో నిషిదా కార్డులకూ బొమ్మలు వేశారు. ఆమెవి కొన్ని, అరితావి కొన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఎలుక ఎన్ని రకాలుగా బతకగలదో తెలుస్తుంది.

ప్రోమో కార్డుల (ప్రచారం కోసం ప్రత్యేకంగా ఇచ్చేవి) విషయంలో చూసి అడుగేయాలి. 2021లో పోకెమాన్ 25వ వార్షికోత్సవానికి మెక్‌డొనాల్డ్స్ పిల్లల భోజనంతో ఇచ్చిన 25 కార్డుల సెట్‌లో చివరిది పికాచు. అప్పట్లో అమెరికాలో పెద్దవాళ్లు కార్డుల కోసం పెట్టెలకు పెట్టెలు కొనేశారు. ఆ గోల ఎప్పుడో సద్దుమణిగింది. మెరుపు లేని రకం ఇప్పుడు కొనదగ్గదే. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన సెలబ్రేషన్స్ సెట్‌లో ఎగిరే పికాచు, అలల మీద సర్ఫింగ్ చేసే పికాచు ఉన్నాయి, రెండూ చూడముచ్చటైనవే. ఆమ్‌స్టర్‌డామ్ వాన్ గో మ్యూజియంలో 2023లో ఇచ్చిన టోపీ పికాచు జోలికి మాత్రం ఈ బడ్జెట్‌లో వెళ్లొద్దు. తిరిగి అమ్ముకునేవాళ్లు ఎగబడటంతో మ్యూజియమే పంపిణీ ఆపేసింది, ధర అప్పటినుంచే మన అందుబాటు దాటింది.

గ్రేడింగ్ చేసి, అంటే కార్డు ఎంత బాగుందో ఒక సంస్థ చేత మార్కులు వేయించి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన కార్డుల గురించి ఒక్క ముక్క. గ్రేడింగ్‌కు ఒక్కో కార్డుకు చవక కార్డు ధర కన్నా ఎన్నో రెట్లు అవుతుంది. రెండు డాలర్ల కార్డుకు ఆ ఖర్చు అనవసరం.

ఇక మన ఊళ్లలో అసలు సమస్య నకిలీలు. స్టేషనరీ షాపుల్లో, జాతరల్లో పదికీ ఇరవైకీ దొరికే ప్యాకులూ, బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులూ దాదాపు అన్నీ నకిలీవే. పిల్లలు ఆడుకోవడానికి సరే, సేకరణలో కలపకండి. కార్డు వెనక ఫోన్ టార్చి పెట్టి చూడండి. అసలు కార్డు పొరల మధ్య ముదురు రంగు పొర ఉంటుంది కాబట్టి వెలుగు అంతగా బయటికి రాదు, చాలా నకిలీల్లో తెల్లగా చొచ్చుకొస్తుంది. నమ్మకమైన చోట కొన్న చవక కార్డు ఒకటి చేతిలో ఉంచుకుని దాంతో పోల్చండి. వెనక నీలం వెలిసినట్టున్నా, అక్షరాల లావు తేడాగా ఉన్నా వద్దనేయండి.

కొన్నాక ప్రతి కార్డుకూ పల్చటి స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) తొడిగి, తొమ్మిది జేబుల పేజీలున్న బైండర్‌లో పెట్టండి. రింగులున్న ఫైలు వద్దు, మొదటి వరుస కార్డుల మీద రింగు నొక్కులు పడతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో తేమకు మెరుపు కార్డులు విల్లులా వంగిపోతాయి. బైండర్ ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూత గట్టిగా పెట్టండి.

విదేశాల నుంచి ఆర్డర్ పెడితే కార్డు కన్నా షిప్పింగ్, కస్టమ్స్ ఎక్కువవుతాయి. అందుకని ఒక్కొక్కటిగా తెప్పించకుండా జాబితా రాసుకుని ఒకేసారి తెప్పించుకోండి. అమెరికాలో అక్కో బాబాయో ఉంటే పని ఇంకా తేలిక. అక్కడ చాలా కార్డు షాపుల్లో కామన్లు పెట్టెల్లో పోసి అమ్ముతారు, ఇరవై కార్డులు కూడా ఒక చిన్న కవరులో ఇమిడిపోతాయి. "పికాచు కార్డు తీసుకురా" అని మాత్రం చెప్పకండి, ప్యాకే తెస్తారు. సెట్ పేరు, నంబరు, మెరుపు ఉండాలా వద్దా, ఎంతకు మించి పెట్టొద్దు, ఈ నాలుగూ వాట్సాప్‌లో రాసి, కార్డు ఫొటో కూడా జోడించి పంపండి.